నల్లా నీళ్లు, మురుగు నీళ్లు: మన నగరాల నీటి బోర్డులకు రేపు ఎలా ఉండబోతోంది?



వార్షికోత్సవ సంచిక అంటే చదువుల గురించి, పోటీ పరీక్షల గురించి, మహనీయుల గురించి చాలామంది రాస్తారు. మేము నీళ్ల గురించి రాద్దామనుకున్నాము. ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది, ఈ హాస్టల్లో చదివి బయటికి వెళ్లిన మాలో కొందరం ఇప్పుడు నగరంలో నీటి సరఫరా, డ్రైనేజీ పనులకు సంబంధించిన ఉద్యోగాల్లో ఉన్నాము. రెండవది ఇంకా ముఖ్యమైనది. ఊరికి నల్లా వచ్చినప్పుడు మన వాడకు చివర వస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగే పని మాత్రం మన వాళ్లకే ముందు వస్తుంది. కాబట్టి నీటి బోర్డుల భవిష్యత్తు అనేది ఇంజనీర్లకు, మంత్రులకు వదిలేసే విషయం కాదు. అది మన ఇంటి విషయం.

ఎక్కడెక్కడి సంగతులో చెప్పి గందరగోళం చేయకుండా, మాకు బాగా తెలిసిన హైదరాబాదు నగరాన్ని ఉదాహరణగా తీసుకుని వివరిస్తాము. అవసరమైన చోట ఇతర నగరాలను పోల్చి చూపిస్తాము.

నీటి బోర్డు అంటే ఏమిటి?

మన దేశంలో చాలా పట్టణాల్లో నీళ్లు, మురుగు పనులు రెండూ మున్సిపాలిటీయే చూస్తుంది. కొన్ని పెద్ద నగరాల్లో మాత్రం దీని కోసం ప్రత్యేకంగా బోర్డులున్నాయి. బెంగళూరులో 1964లో, చెన్నైలో 1978లో అలాంటి బోర్డులు ఏర్పడ్డాయి. హైదరాబాదులో మెట్రోపాలిటన్ నీటి సరఫరా, మురుగు నీటి పారుదల బోర్డు 1989 నవంబర్ 1న ఏర్పడింది. జనం దీన్ని జలమండలి అంటారు, వాటర్ బోర్డు అని కూడా అంటారు.

పేరులోనే రెండు పనులున్నాయని గమనించండి. శుభ్రమైన నీళ్లు తెచ్చి ఇవ్వడం ఒకటి, వాడిన నీళ్లను తీసుకెళ్లి శుద్ధి చేయడం రెండోది. మనం వాడే నీటిలో సుమారు 80 శాతం మళ్లీ మురుగుగా బయటికి పోతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే ఒక ఇంటికి 100 బిందెలు ఇచ్చిన బోర్డు, ఆ ఇంటి నుండి 80 బిందెలు వెనక్కి తీసుకోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి. మన నగరాల్లో మొదటి పనికి వచ్చినంత డబ్బు, గౌరవం రెండో పనికి రాలేదు. ఇప్పుడున్న చిక్కుల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి.

గండిపేట నుండి గోదావరి దాకా

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా తీసుకుంది. వరద ఆపడానికి, తాగునీటికి రెండింటికీ ఉపయోగపడేలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాము. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాదు వదలరని పాతవాళ్లు చెప్పేవారు. ఈ చెరువుల నీళ్లు చాలావరకు పల్లానికి వాటంతటవే వచ్చేవి.

నగరం పెరిగింది. 1965 నుండి మంజీరా నీళ్లు, 1990 దశకంలో సింగూరు నీళ్లు వచ్చాయి. అవీ చాలలేదు. 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ పూర్తయ్యాయి. ఒక్కో దశకు 90 ఎంజీడీ, అంటే రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. నాగార్జునసాగర్ వైపు నుండి 110 కిలోమీటర్లకు పైగా పైపులైన్లలో ఈ నీళ్లు వస్తాయి. 2015 చివర్లో ఎల్లంపల్లి నుండి గోదావరి నీళ్లు వచ్చాయి. వాటి దారి సుమారు 186 కిలోమీటర్లు. 2016 వేసవిలో గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీరా, సింగూరు నాలుగూ అడుగంటినప్పుడు నగరాన్ని ఆదుకున్నవి కృష్ణా, గోదావరులే.

2025 సెప్టెంబర్ 8న గోదావరి రెండో దశకు ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. అంచనా 7,360 కోట్ల రూపాయలు. మల్లన్నసాగర్ నుండి 20 టీఎంసీలు తేవాలని, అందులో రెండున్నర టీఎంసీలు జంట జలాశయాలకు ఇవ్వాలని ఉద్దేశం.

ఈ చరిత్రలో ఒక క్రమం కనిపిస్తుంది. ప్రతిసారీ నీళ్లు ఇంకా దూరం నుండి, ఇంకా లోతు నుండి, ఇంకా ఎక్కువ ఖర్చుతో వస్తున్నాయి. గోదావరి తరువాత తెచ్చుకోవడానికి దగ్గరలో మరో పెద్ద నది లేదు.

ఒక టన్ను నీటికి ఎంత కరెంటు?

పదో తరగతి తమ్ముళ్లు ఈ లెక్క నోటుబుక్కులో చేసి చూడవచ్చు. నాగార్జునసాగర్ నిండినప్పుడు నీటి మట్టం సముద్ర మట్టానికి 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. తేడా 360 మీటర్లు. వెయ్యి లీటర్ల నీళ్ల బరువు వెయ్యి కిలోలు. దాన్ని 360 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు = 1000 × 9.8 × 360 = 35,28,000 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36,00,000 జౌళ్లు. అంటే వెయ్యి లీటర్లకు దాదాపు ఒక యూనిట్. ఇది పుస్తకంలో లెక్క. మోటారులో, పంపులో పోయే శక్తి, అంత పొడవు పైపులో రాపిడి కలిపితే ఒకటిన్నర యూనిట్ దాకా అవుతుంది.

ఒక కుటుంబం నెలకు 20 వేల లీటర్లు వాడితే, ఆ ఇంటి మీటరులో కనబడని 20 నుండి 30 యూనిట్ల కరెంటు కేవలం నీళ్లు ఎత్తడానికే ఖర్చయిందన్నమాట. అందుకే బోర్డు ఖర్చుల్లో కరెంటు బిల్లు చాలా పెద్దది. రోడ్డు మీద వాల్వు దగ్గర వృథాగా కారే నీళ్లతోపాటు కరెంటు కూడా కారిపోతున్నట్టే.

నీళ్లు లేవా, దారిలో పోతున్నాయా?

హైదరాబాదుకు అన్ని వనరుల నుండి కలిపి రోజుకు సుమారు 550 ఎంజీడీ, అంటే 250 కోట్ల లీటర్ల నీళ్లు వస్తాయని అనుకుందాం. మురుగు కాల్వలు ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. జనాభా కోటీ ఇరవై లక్షలు అనుకున్నా 162 కోట్ల లీటర్లు చాలు. ఆఫీసులు, హోటళ్లు, పరిశ్రమలు, ఆసుపత్రుల అవసరాలు వేరే ఉన్నాయి, నిజమే. అయినా కొన్ని వాడలకు రోజు విడిచి రోజు గంటసేపు మాత్రమే ఎందుకు నీళ్లు వస్తున్నాయి?

దీనికి జవాబును ఇంజనీర్లు 'రాబడి లేని నీరు' అనే మాటతో చెబుతారు. పాత పైపుల లీకులు, అక్రమ కనెక్షన్లు, పనిచేయని మీటర్లు, లెక్కలో రాని వాడకం ఇవన్నీ అందులోకి వస్తాయి. మన దేశంలో చాలా నగరాల్లో ఇది 30 నుండి 40 శాతం దాకా ఉంది. 20 శాతానికి మించకూడదని కేంద్రం 2008లో ప్రమాణం పెట్టింది.

ఇది తగ్గించడం సాధ్యమేనా అని కొందరు అనుమానపడతారు. కాంబోడియా రాజధాని నమ్‌పెన్‌ను చూడండి. ఏళ్ల తరబడి యుద్ధంతో నాశనమైన ఆ నగరంలో 1993లో 72 శాతం నీళ్లు లెక్కలేకుండా పోయేవి. ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు ఆ సంస్థ బాధ్యత తీసుకున్నారు. ప్రతి కనెక్షన్‌కు మీటరు పెట్టించారు. పెద్దవాళ్ల ఇళ్లకు, సైనికాధికారుల ఇళ్లకు కూడా మినహాయింపు ఇవ్వలేదు. మీటరు పెట్టడానికి వెళితే ఒక జనరల్ ఆయనకు తుపాకీ గురిపెట్టాడు కూడా. పేదలకు మాత్రం కనెక్షన్ ఖర్చులో రాయితీ ఇచ్చారు. దాదాపు ఇరవై ఏళ్లలో నష్టం 6 శాతానికి పడిపోయింది. 24 గంటలూ నీళ్లు వచ్చాయి. ఆయనకు 2006లో రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. మన దేశంలోనే ఒడిశాలోని పూరీ పట్టణంలో 2021 జూలై నుండి నల్లా తిప్పి నేరుగా తాగగలిగే నీళ్లు 24 గంటలూ ఇస్తున్నారు. కాబట్టి ఇది మన వల్ల కాని పనేమీ కాదు.

రోజు విడిచి రోజు నీళ్లతో వచ్చే రోగం

గంటసేపు నీళ్లు వదిలి తరువాత ఆపేస్తే ఏమవుతుందో మనం తెలుసుకోవాలి. పైపులో నీళ్లు నిండుగా, ఒత్తిడితో ఉన్నప్పుడు చిన్న పగులు ఉన్నా లోపలి నీళ్లు బయటికి వస్తాయే కానీ బయటి మురికి లోపలికి పోదు. నీళ్లు ఆపేసినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. పక్కనే డ్రైనేజీ పైపు కారుతూ ఉంటే ఆ మురుగు పగులు గుండా లోపలికి జారుతుంది. పైగా ఎవరైనా నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగితే, స్ట్రాతో పీల్చినట్టు బయటి మురికినీ లాగుతుంది. మరుసటి రోజు నల్లా తిప్పగానే మొదటి బిందెలో అదే వస్తుంది.

2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీరు కలుషితమై వాంతులు, విరేచనాలతో పలువురు ప్రాణాలు కోల్పోయారు. పేదలుండే వాడల్లోనే ఇలా ఎందుకు జరుగుతుంది? అక్కడ పైపులు పాతవి, గల్లీలు ఇరుకు, నీళ్ల పైపు డ్రైనేజీ పైపు పక్కపక్కనే ఉంటాయి.

నల్లా దగ్గరికి వచ్చేసరికి నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న క్లోరోస్కోప్ డబ్బాతో రెండు నిమిషాల్లో దీన్ని పరీక్షించవచ్చు. ఇది మన హాస్టల్లో కూడా చేయదగిన పరీక్ష.

మురుగు అనే రెండో సగం

హైదరాబాదు నగర ప్రాంతంలో రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగు వస్తుందని 2021లో లెక్కించారు. అప్పటికి ఉన్న శుద్ధి కేంద్రాల సామర్థ్యం 77 కోట్ల లీటర్లు మాత్రమే. వాటిలో అంబర్‌పేట, నాగోలు కేంద్రాలు పెద్దవి. మిగిలిన మురుగు నాలాల గుండా చెరువుల్లోకి, మూసీలోకి పోయింది. మూసీ కింద వ్యవసాయం చేసే నల్గొండ వైపు రైతులకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు.

2021లో ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలతో మరో 31 కేంద్రాలు మంజూరు చేసింది. వాటి సామర్థ్యం సుమారు 126 కోట్ల లీటర్లు. 2023 జూలైలో కోకాపేటలో మొదటిది ప్రారంభమైంది. ఆ తరువాత ఒక్కొక్కటిగా మొదలవుతూ వచ్చాయి. అన్నీ పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే 2021లో లెక్కించిన మురుగంతా శుద్ధి కావాలి. అయితే కేంద్రం కట్టడం ఒక్కటే చాలదు. ఇంటి నుండి అక్కడిదాకా పైపు ఉండాలి. వాననీటి కాల్వలో మురుగు కలవకుండా చూడాలి. 2020 అక్టోబర్ వరదల్లో మురుగు, వాననీరు కలిసి ఇళ్లలోకి రావడం మనమంతా చూశాము.

శుద్ధి కేంద్రంలో ఏం జరుగుతుందో క్లుప్తంగా చెబుతాము. ముందు ఇనుప జాలీలతో ప్లాస్టిక్కు, గుడ్డలు ఆపుతారు. తరువాత ఇసుక అడుగుకు దిగేలా చేస్తారు. ఆ నీటిలోకి గాలి పంపిస్తారు. గాలి అందగానే మురుగులో ఉన్న బాక్టీరియా పెరిగి మురికిని తినేస్తుంది. తరువాత నీటిని కదలకుండా ఉంచితే ఆ బాక్టీరియా బురదగా కిందికి దిగుతుంది. పైన తేరిన నీటికి క్లోరిన్ కలిపి వదులుతారు. నీటి మురికిని బీఓడీ అనే కొలతతో చెబుతారు. ముడి మురుగులో లీటరుకు 200 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉండే బీఓడీని మంచి కేంద్రాలు 10కి తగ్గిస్తాయి.

ఈ నీళ్లు తాగడానికి కాదు. కానీ పరిశ్రమలకు, భవన నిర్మాణానికి, తోటలకు, చెరువులు నింపడానికి బాగా పనికి వస్తాయి. చెన్నై ఈ పాఠం కష్టపడి నేర్చుకుంది. మన కృష్ణా నీళ్లు తెలుగుగంగ ద్వారా ఆ నగరానికి కూడా వెళతాయి. అయినా 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండిపోయి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించుకోవలసి వచ్చింది. అదే ఏడాది అక్కడ కోయంబేడు, కొడుంగయ్యూర్‌లలో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగును బాగా శుద్ధి చేసి పరిశ్రమలకు అమ్మే కేంద్రాలు మొదలయ్యాయి. పరిశ్రమలు ఆ నీళ్లు తీసుకుంటే అంత మంచినీరు ఇళ్లకు మిగులుతుంది. బోర్డుకు ఆదాయమూ వస్తుంది. బెంగళూరు తన శుద్ధి చేసిన నీటిని 2018 నుండి కోలారు జిల్లా చెరువులకు పంపిస్తోంది.

మా అభిప్రాయంలో హైదరాబాదుకు గోదావరి తరువాత దొరికే కొత్త నది ఇదే. నగరం మధ్యలోనే ఉంది, వేసవిలోనూ ఎండదు, 360 మీటర్లు ఎత్తనక్కర్లేదు.

మ్యాన్‌హోల్‌లో మనిషి

ఈ భాగం రాయకుండా మురుగు గురించి ఎంత రాసినా అబద్ధమే అవుతుంది.

మూసి ఉన్న మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన రావడం లేదు కదా అని దిగిన మనిషి ఒకటి రెండు శ్వాసల్లో పడిపోతాడు. పైన ఉన్న తోటివాడు కాపాడదామని దిగి తానూ పడిపోతాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు చనిపోయారని పేపర్లో చదివే వార్తల వెనుక ఉన్న రసాయన శాస్త్రం ఇదే.

2013లో పార్లమెంటు చేసిన చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని నేరంగా చెప్పింది. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా 2019 నుండి 2023 వరకు ఐదేళ్లలో దేశంలో 377 మంది ఇలా చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. కేంద్రం 'నమస్తే' పథకం కింద గుర్తించిన మురుగు కార్మికుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది షెడ్యూల్డ్ కులాలవారని 2024లో తేలింది. ఈ లెక్క చదివినప్పుడు మనకు కోపం రావాలి. అయితే కోపంతో ఆగిపోకూడదు.

ఈ దురాచారంపై జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టారు. చిన్నప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన కూడా మనలాంటి హాస్టల్ విద్యార్థే అని మనం మరచిపోకూడదు.

యంత్రాలు వచ్చాయి కూడా. హైదరాబాదులో 2017లో ఇరుకు గల్లీల్లోకి వెళ్లగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టారు. దళిత యువ పారిశ్రామికవేత్తలు వాటికి యజమానులయ్యేలా పథకం పెట్టారు. 2019లో ఢిల్లీ కూడా అలాంటి పద్ధతిలో 200 యంత్రాలు తెచ్చింది. కేరళ యువ ఇంజనీర్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోను తయారు చేశారు. నిన్న గుంతలోకి దిగిన తండ్రి కొడుకు నేడు యంత్రానికి యజమాని కాగలడు. కానీ బోర్డు పైపుల దగ్గర యంత్రం ఉన్నా, అపార్ట్‌మెంట్ల, హోటళ్ల సెప్టిక్ ట్యాంకుల దగ్గర నాలుగు వందల రూపాయలకు మనిషిని దింపేవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కడ చట్టం చేరాలి.

ఉచిత నీళ్లు ఎవరికి? బిల్లు ఎవరికి?

1924లో మహద్ మున్సిపాలిటీ తన చవదార్ చెరువు అందరికీ అని తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగిన తరువాతే దేశానికి ఆ సంగతి తెలిసింది. ఆ తరువాత మున్సిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. కోర్టులో వివాదం తేలేసరికి 1937 అయింది. మున్సిపల్ నీటి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్తది కాదని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాము.

హైదరాబాదులో 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితం చేసే పథకం మొదలైంది. పేదవానికి తాగునీరు ఉచితంగా ఇవ్వడం సరైనదే. ట్యాంకర్ నీళ్లు డబ్బు పెట్టి కొనే బస్తీవాసి, పెద్ద బంగ్లాలో నల్లా వాడే వ్యక్తి కంటే ఒక్కో బిందెకు ఎక్కువ చెల్లిస్తున్నాడని మనం చూస్తూనే ఉన్నాము.

అయితే మరో వైపు కూడా ఆలోచించాలి. బోర్డుకు రావలసిన డబ్బు బిల్లుల నుండి గాని, ప్రభుత్వం నుండి గాని సకాలంలో రాకపోతే ముందు ఆగిపోయేవి ఏవి? కొత్త ప్రాజెక్టు ఆగదు, దానికి అప్పు దొరుకుతుంది. ఆగేవి పాత పైపు మార్చడం, బస్తీలో లీకు సరిచేయడం, కాంట్రాక్టు కార్మికునికి జీతం, గ్లౌజులు, మాస్కు. నష్టం మళ్లీ మన దగ్గరికే వస్తుంది. కాబట్టి పేదలకు ఉచితం ఉండాలి, దాని ఖర్చు ప్రభుత్వం బోర్డుకు కట్టాలి, ఎక్కువ వాడేవారికి, వ్యాపార సంస్థలకు మీటరు ప్రకారం బిల్లు రావాలి, అది వసూలు కావాలి.

రాబోయే రోజులు

పై విషయాలను బట్టి రాబోయే పదేళ్లలో జరగబోయేవి ఇలా ఉంటాయని మేము భావిస్తున్నాము.

మొదటిది, దూరం నుండి నీళ్లు తెచ్చే ఖర్చు పెరుగుతుంది. అందువల్ల లీకులు వెతికే పని, మీటర్ల పని, పైపుల మ్యాపులు కంప్యూటర్లో పెట్టే పని పెరుగుతాయి.

రెండవది, శుద్ధి చేసిన మురుగునీటికి ధర వస్తుంది. ఇన్నాళ్లు పారబోసినది అమ్ముకునే వస్తువవుతుంది.

మూడవది, 2021 అక్టోబర్‌లో మొదలైన అమృత్ 2.0 వంటి పథకాల వల్ల చిన్న పట్టణాల్లోనూ నీటి, మురుగు పనులు పెరిగాయి. ఆ కేంద్రాలను నడపడానికి తెలిసిన మనుషులు కావాలి. కట్టడానికి డబ్బు దొరికినంత సులభంగా నడపడానికి మనుషులు దొరకడం లేదు.

నాలుగవది, ఈ ఉద్యోగాల్లో చాలా భాగం కాంట్రాక్టు కంపెనీల కింద ఉంటాయి. అక్కడ రిజర్వేషన్ ఉండదు. అందుకని నైపుణ్యం ఉన్నవాడే నిలబడతాడు. చేరేటప్పుడు గుర్తింపు కార్డు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా అని అడగడం కూడా నేర్చుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏం చేయవచ్చు?

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చదివినవారు పంపు హౌసుల్లో పనికి వస్తారు. డిప్లొమా, బీటెక్ సివిల్, మెకానికల్ చదివినవారు బోర్డుల్లో, మున్సిపాలిటీల్లో ఇంజనీరు పోస్టులకు పరీక్షలు రాయవచ్చు. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వారికి నీటి పరీక్షల ల్యాబుల్లో అవకాశముంది. ఆడపిల్లలు ఈ రంగం మగవాళ్లదని అనుకోవద్దు. ల్యాబులో, కంట్రోల్ రూములో, ఫీల్డులో అమ్మాయిలు పనిచేస్తున్నారు.

ఈ చదువులకు ముందు హాస్టల్లోనే ఒక చిన్న పని చేయండి. కారుతున్న నల్లా కింద లీటరు మగ్గు పెట్టి గడియారం చూడండి. పది నిమిషాల్లో నిండితే రోజుకు 144 లీటర్లు పోతున్నాయన్నమాట. ఒక మనిషికి ఇవ్వవలసిన 135 లీటర్ల కంటే అది ఎక్కువ. ఆ లెక్క కాగితం మీద రాసి వార్డెన్ సారుకు ఇవ్వండి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎప్పుడు కడిగారో తేదీ గోడ మీద రాయించండి. సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు యంత్రం వచ్చేదాకా ఎవరినీ లోపలికి దిగనివ్వకండి. కామాటి అన్నను గానీ, బయటి కూలీని గానీ ఎవరైనా దిగమంటే అడ్డుపడండి, చట్టం ఒప్పుకోదని చెప్పండి. మూత తీసి తొంగి చూడటం కూడా ప్రమాదమే.

మన తాతలు ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా నీళ్లు పోస్తే దోసిలి పట్టారు. మన తండ్రులు కొందరు మురుగులో నిలబడి కుటుంబాన్ని పోషించారు. మీరు నీటిని పరీక్షించే బల్ల దగ్గర, పంపు నడిపే ప్యానెల్ దగ్గర, ఏ వాడకు ఎన్ని గంటలు నీళ్లు వదలాలో నిర్ణయించే కుర్చీలో కూర్చోవాలని మా కోరిక. ఆ రోజు మన వాడకు నీళ్లు చివర రావు. ఏ గుంతలోకీ ఏ మనిషీ దిగడు.

బాగా చదవండి. ఈ రంగంలోకి రావాలనుకునేవారు సెలవుల్లో మమ్మల్ని కలిస్తే దగ్గరలోని శుద్ధి కేంద్రాన్ని చూపించడానికి, పరీక్షల పుస్తకాలు ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

జై భీమ్.

మీ పాత విద్యార్థులు